గజ్జలో సూది: వేళ్లను నమ్మాలా, తెరను నమ్మాలా?

గుండె రక్తనాళాల పరీక్షకు గొట్టం పంపడానికి ఇప్పుడు చాలాచోట్ల ముంజేతి ధమనే చాలుతోంది. కానీ లావుపాటి గొట్టాలు వెళ్లాల్సిన చికిత్సలకు గజ్జ దగ్గరి తొడ ధమని తప్పదు. పేచీ అంతా సూది ఎక్కడ దించాలన్న దగ్గరే.

పాత పద్ధతిలో వైద్యులు నడుము ముందున్న ఎముక మొన నుంచి జఘనాస్థి దాకా మనసులోనే ఒక గీత గీసుకుంటారు. దాని కింద నాడి కొట్టుకునే చోట గుచ్చుతారు. తొడ ఎముక తల ఎక్కడుందో ఎక్స్‌రే తెర మీద చూసుకుంటే ఇంకా నయం. గొట్టం తీశాక రక్తం ఆగాలంటే ధమనిని దేనికో ఒకదానికి ఆనించి నొక్కాలి కదా, ఆ ఆసరా ఎముకదే. మరీ పైన గుచ్చితే రక్తం పొట్ట వెనక్కి చేరుతుంది, బయటికి చుక్క కూడా కనిపించదు. మరీ కిందికి పోతే ధమని రెండుగా చీలిన భాగంలో తగిలి, పక్కన రక్తపు బుడగ కట్టవచ్చు. గజ్జ మడతను గుర్తుగా పెట్టుకోవడం మాత్రం శుద్ధ పొరపాటు. లావుగా ఉన్నవారిలో అది బాగా కిందికి జారిపోయి ఉంటుంది.

అల్ట్రాసౌండ్‌లో ఈ ఊహలతో పని తక్కువ. చర్మం మీద ఆనించే ప్రోబుతో నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని కొట్టుకుంటూనే ఉంటుంది. చీలిక ఎక్కడుందో, ముందు గోడకు కాల్షియం పేరుకుందో లేదో కూడా కనిపిస్తుంది. ఇవి వేళ్లకు అందే సంగతులు కావు.

2010లో వెలువడిన ఫౌస్ట్ అధ్యయనం 1,004 మందిలో దీన్ని ఎక్స్‌రే పద్ధతితో పోల్చింది. చివరికి సరైన చోట గొట్టం పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ తొలి పోటుకే ధమని దొరకడం 46 శాతం నుంచి 83కి పెరిగింది, పొరపాటున సిరను గుచ్చడం 15.8 శాతం నుంచి 2.4కి పడిపోయింది. 2022 నాటి యూనివర్సల్ అధ్యయనం ఈ ఉత్సాహాన్ని కొంత తగ్గించింది. 621 మందిలో రక్తస్రావం, రక్తనాళ సమస్యలు కలిపి చూస్తే అల్ట్రాసౌండ్‌తో 12.9 శాతం, అది లేకుండా 16.1 శాతం. అంత తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు.

అయినా నా మొగ్గు అల్ట్రాసౌండ్ వైపే. మూడు పోట్లకు బదులు ఒకటే పడటం బల్ల మీద పడుకున్న మనిషికి చిన్న విషయం కాదు. అలాగని ఎక్స్‌రేను పక్కన పెట్టమనను. ధమని తెర మీద చక్కగా కనిపిస్తోంది కదా అని ప్రోబును పైపైకి జరిపితే, మనసులో గీసుకున్న ఆ గీత దాటి పైకి పోయిన సంగతే తెలియదు. సూది నడుమ భాగాన్ని చూసి మొన అనుకోవడం కొత్తవారికి మామూలే. కానీ బీపీ పడిపోయి నాడి అందని రోగి విషయంలో ఈ పోలికే అనవసరం, అక్కడ వేళ్లకు దొరికేదేమీ ఉండదు.