జోసెఫ్ రాడ్జర్స్ మంగలి కత్తి: చీటీ చెప్పిన వయసు వేరు, ఉక్కు చెప్పిన వయసు వేరు

కత్తికి ఐదుకి ఐదు మార్కులు. అమ్మిన షాపుకి రెండు మించి ఇవ్వలేను.

జోసెఫ్ రాడ్జర్స్ అంటే కత్తులకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరు షెఫీల్డ్‌లోని కత్తుల కంపెనీ. ఈ కత్తిని ఆ ఊళ్ళోనే ఒక పాత వస్తువుల షాపులో 45 పౌండ్లకు తీసుకున్నాను. దారంతో కట్టిన చీటీ మీద ‘1840 నాటిది’ అని ఉంది. కానే కాదు. అలుగు, అంటే గీసే ఉక్కు రేకు, పిడిలోకి వెళ్ళే చోట మెడలాంటి భాగం ఉంటుంది, ట్యాంగ్ అంటారు. కత్తి వయసు చదవాల్సింది అక్కడే. దీని మీద కంపెనీ నక్షత్రం, మాల్టీస్ శిలువ గుర్తు, ‘కట్లర్స్ టు హర్ మెజెస్టీ’ (రాణిగారికి కత్తులు చేసేవాళ్ళు), దాని కింద ‘షెఫీల్డ్, ఇంగ్లండ్’ అని కొట్టి ఉన్నాయి. హర్ మెజెస్టీ అంటే విక్టోరియా రాణి, అంటే 1837 నుంచి 1901 వరకు. అసలు పట్టిచ్చేది ‘ఇంగ్లండ్’ అన్న మాట. అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చింది. దాంతో 1891 నుంచి అక్కడికి వెళ్ళే సరుకు మీద తయారైన దేశం పేరు తప్పనిసరి అయింది. అంతకు ముందు ఈ ఊరివాళ్ళు మామూలుగా షెఫీల్డ్ అని మాత్రమే వేసేవారు, ఆ పేరుకి ఉన్న పరువు అలాంటిది. రెండూ కలిపి చూస్తే ఇది 1890ల కత్తి. పాత అచ్చులు ఇంకొన్నాళ్ళు వాడారనుకున్నా 1840 మాత్రం అసాధ్యం.

సాన పట్టిన తీరు కూడా అదే చెబుతోంది. 1840ల కత్తులు దళసరిగా, వీపు నుంచి అంచు దాకా దాదాపు తిన్నగా సన్నబడుతూ వస్తాయి. దీనికి రెండు వైపులా లోతుగా గుల్ల తీశారు. తోలుపట్టా మీద ఆడిస్తే సన్నగా మోగుతుంది. ఆ మోత వినడం కోసమే రోజూ గడ్డం గీసుకోవాలనిపిస్తుంది!

పిడి నల్ల కొమ్ముది. పిడిని చూసి వయసు కట్టకండి, విరిగితే మార్చేసేవారు. సెల్యులాయిడ్ పిడి ఉంటే మాత్రం జాగ్రత్త. అది 1870లలో గానీ బజారుకి రాలేదు. పైగా పాతబడి కుళ్ళితే ఆమ్ల వాయువు వదులుతుంది, తన అలుగునే కాక పక్కనున్న కత్తులనూ తుప్పు పట్టిస్తుంది. అలాంటిదాన్ని మిగతావాటితో ఒకే పెట్టెలో మూసిపెట్టొద్దు.

నా కత్తి అంచు తిన్నగా ఉంది, పళ్ళు పోలేదు. వీపు అరుగుదల రెండు పక్కలా సమానం. మూస్తే అలుగు పిడి మధ్యలోకి సరిగ్గా దిగుతుంది. తుప్పు మచ్చలు ట్యాంగ్ దగ్గరే ఉన్నాయి, అంచు దాకా రాలేదు. నేను వయసు కన్నా ముందు చూసేవి ఇవే. సానరాయి మీద నూరాక గీత చాలా మెత్తగా ఉంది, గడ్డం కింద కూడా మంట లేదు. చీటీ మీద సరైన కాలం రాసి ఉన్నా ఈ ధరకి ఆనందంగా కొనేవాడిని.

అదే షాపులో దంతపు పిడి కత్తి కూడా చూపించారు. చాలా అందంగా ఉంది, అయినా వద్దన్నాను. బ్రిటన్‌లో 2022 నుంచి కొద్దిపాటి మినహాయింపులు తప్ప దంతం అమ్మకం నిషేధం, మన దేశంలోనూ ఆ వ్యాపారం నేరమే. కొమ్ము పిడిదైతే ఇంటికి తీసుకెళ్ళొచ్చు, చెక్-ఇన్ సామానులో పెట్టుకుని.