డీవో మీటర్‌ను కొత్త మోడల్‌కి మార్చుకోబోతున్న రొయ్య రైతులకు హెచ్చరిక

భీమవరం, మొగల్తూరు, నరసాపురం చుట్టుపక్కల, అటు కోనసీమలో అల్లవరం, కాట్రేనికోన వైపు వనామీ రొయ్య వేస్తున్న రైతులు ఈ పోస్టు కాస్త ఓపిగ్గా చదవండి. పంట వేసే ముందు డీలర్లు డీవో మీటర్ల (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచేవి) మీద ఎక్స్ఛేంజ్ ఆఫర్ పట్టుకుని గట్టు దాకా వస్తున్నారు. పాత బాక్సు ఇచ్చేసి పైన 22 వేలు కడితే కొత్త మోడల్ బిగిస్తామంటున్నారు. ఉప్పుటేరు పక్కనున్న మా చెరువుకి అలాగే బిగించారు. ఆ మీటరును నమ్ముకున్నందుకు ఒక తెల్లవారుజామున చెరువులో చాలా రొయ్య చచ్చిపోయింది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు, డీలరు పేరు రాయడం లేదు. ఏ కంపెనీ బాక్సు కొన్నా మీరు చూసుకోవలసినవి చెబుతాను.

మా పాత మీటరు చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. బూడిద రంగు డబ్బా, చిన్న స్క్రీను, దాని మీద రెండే అంకెలు: డీవో, నీటి ఉష్ణోగ్రత. మకాం (కాపలా పాక) రేకు కింద ఒక సైరన్. డీవో 3.5 పీపీఎంకి (లీటరు నీటికి 3.5 మిల్లీగ్రాములు) దిగగానే సైరన్ మోగేది, బాక్సులో ఉన్న సిమ్ నుంచి నా ఫోనుకి మామూలు కాల్ వచ్చేది. నెట్ ఉన్నా లేకపోయినా కాల్ మాత్రం వచ్చి తీరేది. ఆ సైరన్‌కి పక్క చెరువు కాపలావాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు.

రొయ్య రైతుకి ఈ మీటరు అవసరమయ్యేది రాత్రిపూటే. పగలు ఎండలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే కంటికి కనిపించనంత సన్నటి పాచి) ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు డీవో అన్నిటికంటే కిందకి పోతుంది. పగలంతా ముసురు పట్టిన రోజైతే ఇక చెప్పనక్కర్లేదు. వనామీకి 4 పీపీఎం పైన ఉండాలి. 3 కిందకి వస్తే మేత తగ్గించేస్తుంది, నీరసపడుతుంది. ఇంకా దిగి అక్కడే ఉంటే చావులు మొదలవుతాయి. మనల్ని నిద్ర లేపడమే ఈ బాక్సు చేయాల్సిన అసలు పని. మిగతావి ఉంటే మంచిదే, లేకపోయినా పంట ఆగదు.

కొత్త మోడల్‌కి పెద్ద రంగుల టచ్ స్క్రీన్ ఉంది. ఫోన్‌లో యాప్, వారం రోజుల గ్రాఫ్, రేపు డీవో ఎలా ఉంటుందో చెప్పే ఏఐ అంచనా ఉన్నాయి. కరపత్రంలో ‘మునుపటికంటే మెరుగైన ఖచ్చితత్వం’ అని పెద్ద అక్షరాలతో వేశారు. ఎంత ఉన్నది ఎంతకి మెరుగైందో మాత్రం ఎక్కడా రాయలేదు. మా బావమరిది చెరువులో పాత మోడలే ఉంది. రెండు ప్రోబులూ (నీళ్లలో ముంచి కొలిచే కడ్డీలు) పక్కపక్కన పెట్టి చూశాం. రెంటికీ చివర ఉన్న క్యాప్ ఒకటే, ఒకే కొలత, ఒకే ముద్ర. వైరు కొసన కనెక్టర్ మాత్రం మారింది. దాంతో పాత ప్రోబు కొత్త బాక్సుకి పట్టదు, కొత్త ప్రోబు పాత బాక్సుకి పట్టదు. నీళ్లలో కొలిచేది మారకుండా బయట కనిపించేది మార్చి, దానికి మన దగ్గర డబ్బు తీసుకున్నారు.

ఇక అసలు సంగతి. బిగించడానికి వచ్చిన కుర్రాడు పాత సైరన్ వైర్లు పీకేశాడు. ఇదెందుకు తీస్తున్నావని అడిగితే, “ఇంక సైరన్‌తో పని లేదండి, మొత్తం యాప్‌లోనే వచ్చేస్తదండి, మీరు హైదరాబాదులో ఉన్నా తెలిసిపోద్దండి” అన్నాడు. నేను హైదరాబాదులో ఉంటే తెలిసి ఏం లాభం? గట్టు మీద పడుకున్న మనిషికి కదా తెలియాల్సింది! కొత్త బాక్సుకి సైరన్ తగిలించే చోటే లేదు. కాల్ కూడా ఎత్తేసి యాప్ నోటిఫికేషన్ ఒక్కటే ఉంచారు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు యాప్ అప్‌డేట్ అయింది. ఆ అప్‌డేట్‌తో సెలినిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే) సెట్టింగ్ సున్నాకి వెళ్లిపోయింది. ఈ ముక్క జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి, చాలామంది డీలర్లకే తెలియదు. నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు పట్టుకోగలిగేది సుమారు 7.5 పీపీఎం, 15 పీపీటీ (వెయ్యి పాళ్లలో 15 పాళ్లు) ఉప్పునీళ్లయితే సుమారు 7. ఉప్పు ఎంతుందో ప్రోబు తనంతట తాను కనిపెట్టలేదు, మనమే చెప్పాలి. సున్నా అని పెట్టి ఉంటే మంచినీళ్లనుకుని లెక్క కడుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వేసవిలో మా చెరువు 15 పీపీటీకి వస్తుంది. అప్పుడు నిజంగా 3.5 ఉంటే స్క్రీన్ మీద 3.8 కనిపిస్తుంది. ఆ కాస్త తేడాతో అలారం ఆలస్యమవుతుంది. చెరువు దిగజారే వేళ ఆ ఆలస్యం చాలు.

ఆ రోజంతా మబ్బుగానే ఉంది. తెల్లవారుజామున కాపలా అతను ఫోన్ చేసి, “బాబుగారూ, రొయ్య అంచుకొచ్చేసిందండీ, తొందరగా రండి” అన్నాడు. మీటరు చెప్పకముందే టార్చి వేసి చూసిన మనిషి చెప్పాడు. వెళ్లేసరికి అతను ఏరేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్లు) ఆన్ చేసి, ఉన్న ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లుతున్నాడు. గట్టు పొడవునా రొయ్య తల పైకి పెట్టి నీటి అంచున ఆనుకుని ఉంది, చెయ్యి పెట్టినా ఎగరడం లేదు. చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) ఎత్తితే అందులో కదిలేవి కొన్నే. స్క్రీన్ 2.6 చూపిస్తోంది, అది కూడా ఎక్కువ చేసి చూపించేదే. నోటిఫికేషన్ నా ఫోన్‌కి తెల్లారాక వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం రాత్రిపూట వాడని యాప్‌లను పడుకోబెడతాయి, ఈ యాప్‌నీ పడుకోబెట్టింది.

కంపెనీవాళ్లని అడిగితే, నా ఫోన్ సెట్టింగ్ సరిగా లేదు, తప్పు నాదే అన్నారు. ఇది నేను ఒప్పుకోను. రాత్రి మనిషిని లేపడానికి కొన్న వస్తువు లేపకపోతే ఆ తప్పు దాన్ని తయారు చేసినవాళ్లది. మోగే సైరన్‌ని, వచ్చే కాల్‌ని తీసేసి, ఫోన్ దయ మీద ఆధారపడే నోటిఫికేషన్ పెట్టడం వెనకడుగు. దానికి కొత్త మోడల్ అని పేరు పెట్టి అదనంగా డబ్బు తీసుకోవడం అన్యాయం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు కౌంట్ రేట్ల (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి వచ్చే ధర) కోసం మనం ఎంత టెన్షన్ పడ్డామో అందరికీ తెలుసు. అలాంటి కాలంలో రైతు 22 వేలు కడుతున్నాడంటే సరదాకి కాదు.

ఇంకో సంగతి ఆలస్యంగా బయటపడింది. మొదటి ఏడాది యాప్ ఉచితం, తర్వాత ఏటా చందా కట్టాలి. కట్టకపోతే గ్రాఫులతో పాటు అలర్టులు కూడా ఆగిపోతాయట. ఇది కరపత్రంలో లేదు, యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే చోట ఇంగ్లీషులో ఉంది. పాత బాక్సు వెనక్కి ఇవ్వమంటే దాన్ని అప్పుడే కంపెనీకి పంపేశామన్నారు. పాత మోడల్ ప్రోబులు కూడా ఇక రావట. అంటే పాతది చక్కగా పనిచేస్తున్నవాళ్లు కూడా ప్రోబు పాడైన రోజున కొత్త బాక్సు కొనాల్సిందే.

టెక్నాలజీ మారకూడదని నేను అనడం లేదు. చేత్తో పట్టుకునే పాత రకం మెంబ్రేన్ మీటర్లు వాడినవాళ్లకి ఆ బాధ తెలుసు. పైన పలచటి పొర, లోపల ద్రావణం. పొర చిరిగినా, లోపల బుడగ చేరినా అంకె తప్పు. నీళ్లు కదలకపోతే తక్కువ చూపించేది. ఆప్టికల్ ప్రోబు వచ్చాక ఆ గొడవ చాలావరకు పోయింది. క్యాప్‌లో రంగు పదార్థం ఉంటుంది, దాని మీద నీలి కాంతి పడితే అది వెలుగుతుంది, ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ వెలుగు తగ్గుతుంది, ఆ తేడానే కొలుస్తుంది. పైన పాచి తుడుస్తూ, ఏడాదికో రెండేళ్లకో క్యాప్ మారుస్తూ ఉంటే చాలు. ఆ మార్పుకి డబ్బు పెట్టడం న్యాయం. ఆ తర్వాత ఏటా వస్తున్న ‘ప్లస్’, ‘ప్రో’ మోడళ్లలో చెరువుకి ఉపయోగపడే మార్పు నాకు కనిపించలేదు. ఏరేటర్లలోనూ ఇదే వరస. కొత్త ఫ్యాన్ ఎక్కువ నురగ లేపుతోందని చూపిస్తారు. కిలోవాట్ గంటకి ఎన్ని కిలోల ఆక్సిజన్ కలుపుతోందని అడిగితే జవాబు ఉండదు.

ఏసీ కొనేటప్పుడు మనకి కనీసం స్టార్ లేబుల్ ఉంది. 2022 జులైలో బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) లెక్క మార్చినప్పుడు, అంతకుముందు స్ప్లిట్ ఏసీ 5 స్టార్‌కి ఐసీర్ (కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె) 4.5 సరిపోయేది, ఆ తర్వాత 5 ఉండాలన్నారు. దాంతో నిన్నటి 5 స్టార్ ఏసీలు చాలా వరకు 4 స్టార్ అయ్యాయి. యంత్రం అదే, లేబుల్ మారింది. అయినా ఆ అంకె లేబుల్ మీద రాసి ఉంటుంది, కొనేవాడు పాతదీ కొత్తదీ పోల్చుకోగలడు. చెరువు మీటర్లకి అలాంటి లేబుల్ నేనెక్కడా చూడలేదు. కాబట్టి పోల్చుకునే పని మనమే చేయాలి.

అది ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక బకెట్ మంచినీళ్లు తీసుకుని, ఆక్వేరియంకి వాడే చిన్న గాలి మోటారుతో కాసేపు బాగా బుడగలు కొట్టించండి. సెలినిటీ సున్నాలో ఉంచి పాత ప్రోబు, కొత్త ప్రోబు రెండూ అందులో ముంచండి. నీళ్లు 30 డిగ్రీలు ఉంటే రెండూ 7.5కి దగ్గరగా చూపించాలి. తర్వాత మీ చెరువు ఉప్పు సెట్ చేసి, రెంటినీ చెరువులో ఒకే చోట ఒకే లోతులో దించి, తెల్లవారుజామున అంకెలు చూడండి. అదే నీటిని ల్యాబ్ సీసాలో పట్టి అక్కడికక్కడే మందులు కలిపి టైట్రేషన్ (రసాయనాలతో ఆక్సిజన్ లెక్కగట్టే పరీక్ష) చేయించండి. మందులు కలపగానే గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. ఆ ల్యాబ్ అంకెకి ఏ ప్రోబు దగ్గరగా ఉందో చూసుకుని అప్పుడు మాట్లాడండి. కొత్తదానిలో తేడా ఏమీ కనిపించకపోతే ఆఫర్ ఎంత బాగున్నా వదిలేయండి. ఉప్పు సెట్టింగ్ అప్‌డేట్ తర్వాత నిలిచిందో లేదో ప్రతిసారీ చూసుకోండి. ఒక పంట పూర్తయ్యేదాకా పాత బాక్సు ఎవరికీ ఇవ్వకండి. ఎక్స్ఛేంజ్ తగ్గింపు పోయినా ఫర్వాలేదు.

ఇప్పటికే నష్టపోయినవాళ్లు ఊరుకోవద్దు. మా డీలరు, “మీరు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారుల కేసు నిలవదు” అన్నాడు. అందరికీ అది వర్తించదు. సొంత కష్టం మీద బతుకుతెరువు కోసమే వస్తువు కొన్నవాళ్లు వినియోగదారుల కిందకే వస్తారని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. మనలాంటి చిన్న రైతులు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. బిల్లు, కరపత్రం, చెరువు ఫొటోలు, యాప్‌లో ఆ రాత్రి గ్రాఫ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. గ్రాఫ్ కొన్ని రోజులకే చెరిగిపోతుంది, ఆ రోజే తీసిపెట్టండి.

కొత్తగా కొనేవాళ్లు మాత్రం డబ్బు కట్టే ముందే బిల్లు వెనక డీలరు చేత రాయించండి: నెట్ లేకపోయినా సైరన్, కాల్ రెండూ పనిచేస్తాయని, చందా కట్టకపోయినా అలర్టులు ఆగవని, ఈ మోడల్ క్యాపులు ఎన్నేళ్లు దొరుకుతాయో, ఒక్కోటి ఎంతో, బాక్సు రిపేరుకి వెళ్తే అంతవరకు వేరేది ఇస్తామని. సంతకం, షాపు ముద్ర వేయించుకోండి. నోటిమాట చాలదా అని అడిగితే ఆ షాపులో కొనొద్దు. మీ చెరువులో ఇలాంటిదే జరిగి ఉంటే ఏ మోడల్‌కి ముందు ఏది వాడారో, ఏం తేడా వచ్చిందో కింద రాయండి. మా ఫిర్యాదుతో పాటు అవి కూడా జత చేస్తాను.