పటమట గేదె పాల మొజరెల్లా: రేసు ఛాంపియన్ కొలబద్దతో చూస్తే

విజయవాడ పటమటలోని ఒక చిన్న డెయిరీ దుకాణంలో కొంతకాలంగా గేదె పాలతో చేసిన తాజా మొజరెల్లా చీజ్ దొరుకుతోంది. ఉప్పు నీటిలో తేలే తెల్లటి ఉండలను 200 గ్రాముల డబ్బాల్లో అమ్ముతున్నారు. పిజ్జా మీద తురిమి వేసే దిమ్మ చీజ్‌తో దీనికి పేరు కలుస్తుందే గాని రుచి కలవదు. ధర మాత్రం ఆ దిమ్మ చీజ్ కంటే దాదాపు రెట్టింపు. అంత పెట్టి కొనేటప్పుడు దేన్ని చూసి మెచ్చుకోవాలో, దేన్ని అడిగి తెలుసుకోవాలో నాకు నేర్పింది వంటల పుస్తకాలు కావు, ఫార్ములా వన్ కార్ల పందేల్లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచి ఆ తరువాత గేదెలను పెంచిన జోడీ షెక్టర్ జీవితం. అందువల్ల ముందుగా ఆయన గురించి కొంత చెప్పవలసి ఉంది.

షెక్టర్ 1950లో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ నగరంలో పుట్టారు. ఆ ఇంట్లో రేసింగ్ ఒక్కరితో ఆగలేదు. అన్న ఇయాన్ ఫార్ములా వన్‌లో పోటీ చేశారు. జోడీ కుమారులు టోబీ, టోమాస్ కూడా రేసు కార్లు నడిపారు. జోడీ విషయానికి వస్తే, 1976లో ఆరు చక్రాల టిరెల్ కారుతో స్వీడన్ గ్రాండ్ ప్రి గెలిచారు, 1977లో వోల్ఫ్ అనే కొత్త జట్టుకు దాని మొదటి పందెంలోనే విజయం సంపాదించిపెట్టారు, 1979లో ఫెరారీ కారుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆ తరువాత 2000లో మైకేల్ షూమాకర్ గెలిచేదాకా ఫెరారీ డ్రైవరెవరికీ ఆ కిరీటం దక్కలేదు. గెలిచిన మరుసటి ఏడాది, 1980లో, షెక్టర్‌కు సీజన్ మొత్తానికి రెండు పాయింట్లే వచ్చాయి. ఆ సీజన్ ముగియగానే, ముప్పై ఏళ్ల వయసులో, ఆయన రేసుల నుంచి తప్పుకున్నారు.

మొదట అమెరికాలో పోలీసులకు, సైనికులకు ఆయుధ శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ల కంపెనీని స్థాపించి నడిపారు. దాన్ని అమ్మిన తరువాత ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో లావర్‌స్టోక్ పార్క్ అనే వ్యవసాయ క్షేత్రంలో, సుమారు 2,500 ఎకరాల్లో, సేంద్రియ పద్ధతిలోనూ, పొలాన్ని ఒకే జీవిగా భావించి సాగు చేసే బయోడైనమిక్ పద్ధతిలోనూ సాగు చేపట్టారు. తన కుటుంబానికి మేలైన తిండి పండించుకోవాలన్న కోరికతో మొదలైన ఆ పని, గేదెల మందను పెంచి మొజరెల్లా, ఐస్‌క్రీమ్ తయారుచేసి అమ్మే స్థాయికి చేరింది. ప్రపంచ ఛాంపియన్ పేరు డబ్బా మీద ఉంటే చీజ్ ఎలాగూ అమ్ముడుపోతుంది. అయినా ఆయన మట్టిని పరీక్షించే ప్రయోగశాలను నెలకొల్పారు, రకరకాల గడ్డి, క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క, మూలికలు కలిపి విత్తిన పచ్చిక మీద పశువులను మేపారు. మట్టి బాగుంటే మేత, మేత బాగుంటే పాలు, పాలు బాగుంటే చీజ్ అన్న క్రమాన్ని ఆయన మొదటి మెట్టు నుంచే పట్టుకున్నారు. వృత్తి మారినవారు చాలామందే ఉంటారు గాని, కొత్త వృత్తిని ఇంత అడుగునుంచి నేర్చుకున్నవారిని నేను గౌరవంతో చూస్తాను.

ఇక పటమట చీజ్ సంగతి. గేదె పాలలో వెన్న ఏడెనిమిది శాతం దాకా ఉంటుంది, ఆవు పాలకు పసుపు ఛాయనిచ్చే కెరోటిన్ దాదాపు ఉండదు. కాబట్టి అసలైన గేదె పాల మొజరెల్లా పింగాణీ తెలుపులో ఉండాలి. ఈ ఉండలు సరిగ్గా ఆ రంగులోనే ఉన్నాయి. పైన పలుచని, నునుపైన పొర ఉంది. కోయగానే లోపలి నుంచి పాలవంటి తేమ చిప్పిల్లింది. చేత్తో చీలిస్తే ఉడికిన కోడి మాంసంలా పొరలు పొరలుగా విడిపోయింది. ఇవన్నీ చేసినవారి పనితనాన్ని తెలిపే గుర్తులు. పాలకు తోడు, రెన్నెట్ (పాలను విరిచే ఎంజైమ్, దూడ కడుపు నుంచి గానీ ఇతర మూలాల నుంచి గానీ తీస్తారు) కలిపి గడ్డకట్టించిన తరువాత ఆ గడ్డను ముక్కలుగా కోసి, విరుగుడు తేటలో పులియనిస్తారు. పులుపు పెరిగేకొద్దీ గడ్డలోని కాల్షియం కొంత కరిగి బయటికి వస్తుంది, పులుపును కొలిచే పీహెచ్ అంకె అయిదుకు దగ్గరగా వచ్చినప్పుడు మాత్రమే అది వేడి నీటిలో తెగకుండా సాగుతుంది. తొందరపడితే తెగుతుంది, ఆలస్యమైతే పిండిపిండిగా తయారవుతుంది. ఆ అదనును ఈ దుకాణం వారు బాగా పట్టుకున్నారు. రుచిలో తీపి, లేత పులుపు, చివర కొద్దిగా వెన్న కమ్మదనం ఉన్నాయి. డబ్బా మీద శాకాహార గుర్తు ఉంది. రెన్నెట్ జంతువులది కాదని అడిగితే స్పష్టంగా చెప్పారు. శాకాహారులు నిశ్చింతగా కొనవచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి. ఉప్పు ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా ఉంటోంది. ఒకసారి ఇచ్చిన డబ్బా ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ పక్కన గడ్డకట్టినట్టుంది, లోపల గరుకుదనం వచ్చి పొరల అందం పూర్తిగా పోయింది. తాజా మొజరెల్లాను ఫ్రిజ్‌లో ఉంచాలే తప్ప గడ్డకట్టనివ్వకూడదు. ఈ చిన్న జాగ్రత్త తప్పితే అంతకుముందు పడిన శ్రమంతా వృథా అవుతుంది.

నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా తోచినది లేబుల్. తయారీ తేదీ ఉంది, గడువు తేదీ ఉంది, పాలు ఏ ఊరివో, గేదెలు ఏం మేశాయో ఒక్క మాట లేదు. అడిగితే చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తాయని మాత్రమే చెబుతున్నారు. కృష్ణా డెల్టాలో వరి కోత తరువాత మిగిలిన తేమతోనే పిల్లిపెసర, జనుము వేసి పశువులను మేపే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అవి పప్పుజాతి మొక్కలు. నేలకు నత్రజనిని, గేదెకు మాంసకృత్తులను అందిస్తాయి. షెక్టర్ తన పచ్చికలో క్లోవర్‌ను కలిపి సాధించుకున్న మేలును మన రైతులు పిల్లిపెసరతో పొందుతున్నారు. ఆ మేత తిన్న గేదె పాలకూ, వరిగడ్డి, తవుడు, పత్తి చెక్కలతోనే నెట్టుకొచ్చిన గేదె పాలకూ తేడా తప్పక ఉంటుంది. అయినా పాల కేంద్రంలో ధర కట్టేది ప్రధానంగా వెన్న శాతాన్ని చూసి కాబట్టి, మంచి మేత వేసిన రైతుకు దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేది తక్కువ. ఇంత ధర పెట్టి చీజ్ అమ్ముతున్న దుకాణం ఒకటి రెండు ఊళ్ల రైతులతో మేత గురించి మాట్లాడుకొని, ఆ ఊరి పేరు డబ్బా మీద అచ్చువేస్తే, రెట్టింపు ధర ఇవ్వడానికి నాకు అభ్యంతరం ఉండదు.

వాడకం గురించి కొన్ని మాటలు. నాటు టమాటా ముక్కలు, కొద్దిగా మిరియాల పొడితో తింటే దీని రుచి నిండుగా తెలుస్తుంది. ఆవకాయ పక్కన కూడా బాగుంది. గుంటూరు మిరప ఘాటును ఇందులోని వెన్న చల్లబరుస్తుంది, అయితే ఆవ వాసన ముందు చీజ్ సొంత రుచి కొంత మరుగున పడుతుంది. పెసరట్టు మీద వేస్తే నీరు ఊరి అట్టు మెత్తబడిపోతుంది కాబట్టి, వేడి వంటల్లో వాడదలచినవారు ముందే ముక్కలు కోసి, గంటసేపు జల్లెడలో ఉంచి నీరు ఓడ్చుకోవాలి. తినడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీస్తే మెత్తదనం తిరిగి వస్తుంది.

కొనేటప్పుడు తయారీ తేదీ చూసి, ఆ రోజుదో ముందు రోజుదో అయితేనే తీసుకోండి. డబ్బా తెరిచిన తరువాత రెండు రోజుల్లో ముగించగలిగినంతే కొనడం మంచిది. గుంటూరుకో తెనాలికో తీసుకువెళ్లేవారు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, ఐస్ ప్యాక్ ఉన్న సంచీ వెంట తెచ్చుకోవాలి. దుకాణం వారు మామూలు ప్లాస్టిక్ కవరులోనే పెట్టి ఇస్తున్నారు.