చెక్క దేవుడి విగ్రహం ఆన్‌లైన్‌లో కొంటున్నారా? పీఠం అడుగు చూడకుండా డబ్బు కట్టకండి

పూజగదిలో పెట్టుకోవడానికి 'చేత్తో చెక్కిన టేకు విగ్రహం' అని చూసి డబ్బు కట్టబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మాకు వచ్చింది టేకూ కాదు, చేత్తో చెక్కిందీ కాదు. రంపపు పొట్టును రెసిన్‌లో, అంటే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంలో, కలిపి అచ్చులో పోసిన బొమ్మ. దానికి మేం కట్టింది 18,500 రూపాయలు. డబ్బు పోవడం ఒక ఎత్తు, వెనక్కి తీసుకోమంటే అమ్మినతను దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మాట్లాడిన తీరు ఇంకో ఎత్తు. ఆ మాటలకు భయపడి నోరు మెదపకుండా ఊరుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గృహప్రవేశానికి రెండడుగుల వేంకటేశ్వరస్వామి కావాలనుకున్నాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ కనిపించింది. ఒక పెద్దాయన దుంగ ముందు కూర్చుని ఉలితో కిరీటం చెక్కుతున్న వీడియో, దాని కింద పొగడ్తల మీద పొగడ్తలు. వాట్సాప్‌లో అడిగితే 'ఒకే దుంగలోంచి తీసింది, ఎక్కడా అతుకు లేదు, వంద శాతం టేకు' అని రాసి పంపాడు. సగం డబ్బు ముందు, మిగతాది విగ్రహం బయల్దేరేముందు. తర్వాత వెతికితే అదే పెద్దాయన, అదే వీడియో ఇంకో రాష్ట్రం పేరుతో ఉన్న వేరే పేజీలో కనిపించింది. ఆ శిల్పి ఎవరో, తన పనిని ఎవరెవరు అమ్ముకుంటున్నారో ఆయనకు తెలుసో లేదో!

విగ్రహం దూరం నుంచి చూడ్డానికి బాగానే ఉంది. ఇంట్లో కబోర్డుల పని చేస్తున్న ఆచారి గారు దాన్ని రెండు చేతులతో ఎత్తి, "టేకు ఇంత బరువుండదమ్మా" అన్నారు. పీఠం కింద ఆకుపచ్చ వెల్వెట్ గుడ్డ అతికించి ఉంది. దాని మూల కొంచెం లేపి చూపించారు. నిజం దుంగైతే అక్కడ చెక్క అడ్డకోత కనపడాలి. టేకుకైతే వలయాలు, వాటి వెంట సూదిమొనంత రంధ్రాలు స్పష్టంగా ఉంటాయి. మా స్వామి పీఠం అడుగున మాత్రం బిస్కెట్ రంగులో నున్నటి పూత, మధ్యమధ్య గాలిబుడగలు పేలిన చిన్న గుంటలు. "ఇది చెక్క కాదమ్మా, చెక్కపొట్టు" అన్నారాయన. ఆ తర్వాత చెవి కుండలం కింద గోటితో తడిమి చూడమన్నారు. అక్కడ మొదలై భుజం మీదుగా శంఖం పట్టుకున్న చేతిదాకా వెంట్రుకంత గీత గోటికి తగిలింది. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోటు అది. పాలిష్ కింద దాన్ని బాగా అరగదీశారు కానీ పూర్తిగా పోలేదు.

చెక్క గీతల సంగతి కూడా ఆయనే చెప్పారు. ఒకసారి తెలిశాక ఫొటోలో చూసినా పట్టేయొచ్చు. అసలు చెక్కను గుండ్రంగా చెక్కినప్పుడు లోపలి పొరలు తెగి బుగ్గ మీద, పొట్ట మీద, మోకాలి మీద గీతలు అండాకారంలో, ఒకదాని చుట్టూ ఒకటిగా విచ్చుకుంటాయి. రంగుతో గీసిన గీతలకు ఆ తెలివి ఉండదు. కిరీటం నుంచి పాదాలదాకా, ఎత్తుపల్లాలతో పనిలేకుండా, బ్రష్ పోయిన దారినే పోతాయి. ఉలి గుర్తులు కనపడుతున్నాయి కదా అని మాత్రం నమ్మకండి. అసలు విగ్రహం మీద రబ్బరు అచ్చు తీస్తే ఆ ఉలి గుర్తులు కూడా యథాతథంగా దిగిపోతాయి. దాచడం కష్టమైన చోటు పీఠం అడుగు ఒక్కటే, అందుకే గుడ్డ కప్పుతారు.

ఫొటోలతో సహా అమ్మినతనికి పెట్టాం. జవాబు ఏమొచ్చిందో చూడండి. 'స్వామికి ప్రాణప్రతిష్ఠ చేసి పంపాం. ఇంటికి వచ్చిన దేవుణ్ణి తిప్పి పంపితే అరిష్టం. గుడ్డ పీకి, గోటితో గీకి దేవుణ్ణి పరీక్షిస్తారా?' మా అత్తయ్య ఆ మెసేజ్ చూసి హడలిపోయారు. "పోనీలే అమ్మాయ్, డబ్బు పోతే పోయింది, స్వామి గడప దాటి లోపలికి వచ్చేశాడు" అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. ఆ భయాన్ని ముందే లెక్క వేసుకుని వ్యాపారం చేస్తున్నవాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా పురోహితుల్ని అడిగితే ఆయన తేల్చి చెప్పారు. కొరియర్ పెట్టెలో వచ్చే విగ్రహం అప్పటికి శిల్పి పని మాత్రమే. మన ఇంట్లో, మన సంకల్పంతో, పీఠం మీద కూర్చోబెట్టి ఆవాహన చేసినప్పుడే పూజ మొదలవుతుంది. అంతకుముందు బాగోగులు చూసుకోవడంలో అపచారం ఏమీ లేదు, చూసుకోకపోవడమే తప్పు. ఆలోచిస్తే చెక్కను పరీక్షించడం మన సంప్రదాయంలోనే ఉంది. విగ్రహానికి ఎలాంటి చెట్టు పనికొస్తుంది, పురుగు తిన్నవీ కాలినవీ శ్మశానంలో పెరిగినవీ ఎందుకు వదిలేయాలి అని చెప్పడానికి వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే కేటాయించాడు. పూరీ జగన్నాథుడిది వేపచెక్క మూర్తి. ఆ మూర్తులను కొత్త కర్రతో మళ్లీ చేసే నవకళేబరం వచ్చినప్పుడు (చివరిసారి 2015లో జరిగింది) దారువు కోసం ఎన్నో లక్షణాలు సరిచూసుకునిగాని చెట్టును ఖాయం చేయరు. జగన్నాథుడి విషయంలోనే అంత పరీక్ష ఉంటే, మనం వాట్సాప్‌లో ఒక్క ప్రశ్న అడగడం పాపమవుతుందా?

అలాగని అతుకున్న ప్రతిదీ మోసం అనుకోవద్దు. కొండపల్లి పనివాళ్లు తేలికైన తెల్ల పొణికి కర్రతో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తరతరాలుగా ఆ కళ పద్ధతే అది, ఎవరూ దాచరు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద తిప్పుతూ తీర్చి లక్క రంగులు వేస్తారు. ఏర్పేడు మండలంలోని మాధవమాలలో దేవతామూర్తులనే చెక్కే కుటుంబాలున్నాయి. వీళ్లెవరినైనా 'ఇది ఏ కర్ర, ఎన్ని ముక్కలు' అని అడిగితే సూటిగా చెబుతారు. పొట్టు పోతను టేకు ధరకు అంటగట్టినవాడి వల్ల నష్టపోయేది మనం ఒక్కళ్లమే కాదు, నెలల తరబడి ఒక్క మూర్తి మీద కూర్చునే ఈ శిల్పుల ధర కూడా మనకు ఎక్కువగా కనిపించడం మొదలవుతుంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద కోసి, పైన కాస్త నగిషీ చేత్తో దిద్ది 'హ్యాండ్ కార్వ్‌డ్' అని అమ్మడం ఇంకో రకం. చెక్క నిజమైనదే కావచ్చు, కొనుక్కోవడంలో తప్పు లేదు, కానీ చేతిపని ధర ఇవ్వక్కర్లేదు. హారాల సందుల్లో, చేయి వెనక పల్లాల్లో టార్చి వేసి చూస్తే ఒకే దూరంలో సన్నటి సమాంతర గీతలు మిగిలిపోయి ఉంటాయి. పక్కపక్కన రెండు విగ్రహాల ఫొటోలు అడిగి, ముడతకు ముడత, పూసకు పూస సరిగ్గా ఒకేలా ఉన్నాయేమో చూసినా తెలిసిపోతుంది. చేతిపనిలో ఏ రెండూ అలా కుదరవు.

బరువును చూసి మోసపోకండి. బరువుగా ఉంటే గట్టి చెక్క అని చాలామంది అనుకుంటారు. టేకు నీళ్లలో తేలే కర్ర. రెసిన్ పోత దానికంటే బాగా బరువు. ఎర్రచందనం మాత్రం నీళ్లలో మునిగేంత బరువుంటుంది, దాని లెక్క వేరు. ఎర్రచందనం పేరుతో జరిగే ఇంకో మోసమూ ఉంది. 'మంచి సువాసన' అని చెప్పి అమ్ముతారు. సువాసన తెల్ల చందనానిది. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు, తడిపి సానరాయి మీద అరగదీస్తే ఎర్రటి గంధం దిగుతుంది. ఎర్రచందనం విగ్రహం గుప్పున వాసన కొడుతోందంటే సెంటు పూశారని అర్థం. పైగా అది శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెద్దగా పెరగని చెట్టు, 1995 నుంచి సైటిస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కర్ర ఎక్కడిదో చూపే కాగితాలు, బిల్లు లేకుండా కొనొద్దు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, కస్టమ్స్ దగ్గర టెన్షన్ పడేది మీరే.

చెక్క అసలుదే అయినా సరిగ్గా ఆరిందో లేదో అడగండి. పచ్చి కర్రలో చెక్కితే లోపలి తడి ఆరేకొద్దీ వీపు వైపు నిలువునా బీట వారుతుంది, ఏసీ గదిలో ఇంకా తొందరగా. ముదురు చేవ కాకుండా తెల్ల భాగం ఎక్కువ కలిస్తే పుచ్చు పడుతుంది. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద గోధుమపిండిలాంటి మెత్తటి పొడి కనిపిస్తే పురుగు లోపల ఉందనే. కొందరు ఆ రంధ్రాల్లో లప్పం నింపి పైన పాలిష్ కొట్టి పంపేస్తారు. అలాంటిది ఇంట్లో ఉంటే తలుపులకు, మిగతా చెక్క సామానుకు దూరంగా పెట్టి వెంటనే తెలిసినవాళ్లకు చూపించండి.

ఇక కొనేముందు. వీడియో కాల్ అడగండి, అందులో పీఠం అడుగు గుడ్డ లేకుండా చూపించమనండి. కుదరదంటే అక్కడితో ఆపేయండి. ఏ కర్ర, ఎన్ని ముక్కలు, చేతిపనా యంత్రమా అన్నది బిల్లు మీద రాయించండి. చిన్న శిల్పికి జీఎస్టీ నంబరు ఉండకపోవచ్చు, చేతిరాత బిల్లయినా చాలు. పార్సిల్ విప్పేటప్పుడు లేబుల్ కనపడేలా, ఎక్కడా ఆపకుండా వీడియో తీయండి. పూజలో పెట్టకముందే వడ్రంగి పని తెలిసినవారికి చూపించండి.

మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. డబ్బు కట్టించుకుని సరుకు పంపకుండా మాయమైతే అది సైబర్ నేరం కింద 1930కి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనమే కేసు వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని పేజీలో రాసుకున్నంత మాత్రాన ఒకటి చెప్పి ఇంకొకటి పంపే హక్కు ఎవరికీ రాదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అందుకే ఉంది. చాట్ డిలీట్ కాకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మా అమ్మకందారు పంపిన 'వంద శాతం టేకు' అన్న మెసేజ్ కాపీ మా దగ్గర ఉంది.

1915 హెల్ప్‌లైన్‌లో మా ఫిర్యాదు నమోదైంది, అటు నుంచి ఇంకా సమాధానం లేదు. తర్వాత జిల్లా కమిషన్‌కు వెళ్తున్నాం, విగ్రహాన్ని సాక్ష్యం కోసం బట్టలో చుట్టి భద్రంగా ఉంచాం. ఇలాంటిది మీ ఇంట్లో ఉండి వదిలించుకోవాలనుకుంటే దయచేసి నదిలోనో చెరువులోనో కలపకండి, రెసిన్ కరగదు.