పెద్దల డైపర్లు బల్క్‌గా అమ్మే ఆ ‘డైరెక్ట్ ఫ్యాక్టరీ’ వాళ్ళతో జాగ్రత్త

పేరు రాయను, రాస్తే పోస్టు లేపేయిస్తారు. రోజూ రీల్స్ పెట్టి "మధ్యవర్తి లేడు, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ, సగం ధరకే" అని ఊదరగొట్టేవాళ్ళే. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటే ఈపాటికి వాళ్ళ వీడియో మీకూ తగిలే ఉంటుంది.

మావారికి పక్షవాతం వచ్చాక మూత్రం మీద పట్టు పోయింది. చెప్పేలోపే అయిపోతుంది. మెడికల్ షాపులో డైపర్ ఒక్కోటి నలభై, యాభై పడుతోంది. రోజుకి నాలుగు మార్చాలి. నెలాఖరుకి లెక్క చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. అందుకే వాళ్ళ 200 పీసుల కాంబోకి 4,600 ముందే ఫోన్‌పే కొట్టాను. పైగా ‘ఎంజైమ్ ఫ్లోర్ క్లీనర్’ ఫ్రీ! ఫ్రీ అనగానే మనకి కళ్ళు మూసుకుపోతాయి కదా.

డబ్బు కట్టకముందు ఫోనులో మాట్లాడిన అబ్బాయి ఎంత మర్యాద! "ఆంటీ, అంకుల్ మా నాన్నలాంటివారు. పన్నెండు గంటలు చుక్క బయటికి రాదు. రబ్బరు షీటు కూడా తీసేయండి, పాపం ఒళ్ళు చెమట పడుతుంది" అన్నాడు. తీసేశాను. నా తెలివికి దండం పెట్టాలి.

వచ్చిన మూటలు చూస్తే ఉత్త ప్లాస్టిక్ కవర్లు. కంపెనీ పేరు లేదు, తయారైన నెల లేదు, ఎంఆర్‌పీ లేదు, సైజు పెన్నుతో రాశారు. తడిస్తే రంగు మారే గీత అసలే లేదు. పక్క టేపు ఒకసారి తీసి మళ్ళీ అంటిస్తే అంటుకోదు. మొదటి రాత్రే తొడల పక్కనుంచి కారి బట్టలు, దుప్పటి, కింద కొబ్బరి పీచు పరుపు అన్నీ తడిసిపోయాయి. లోపలి పొర చిరిగి, మూత్రం పీల్చుకోవాల్సిన ఆ పొడి ఉబ్బి జెల్లీలా ఆయన ఒంటికి అతుక్కుంది. కడిగితే జారుతుంది గానీ పోదు. రెండోరోజుకి గజ్జల్లో ఒరుసుకుపోయి ఎర్రగా కందింది.

ఇక ఆ క్లీనర్ సంగతి. అది మల్లెపూల సెంటు కలిపిన ఫినాయిల్ నీళ్ళు, అంతే. హాలంతా మల్లెపూల వాసన, దాని కింద ఉచ్చ వాసన. మూత్రంలోని యూరిక్ యాసిడ్ నీళ్ళకి సరిగ్గా కరగదు. అందుకే ఎండిపోయిందనుకున్న పరుపు ముసురు పట్టిన రోజున మళ్ళీ గుప్పుమంటుంది. నిజమైన ఎంజైమ్ క్లీనర్ అయితే దాన్ని విరగ్గొడుతుంది, సెంటు కప్పిపుచ్చుతుంది. పక్కింటావిడ బ్లీచింగ్ చల్లమంది. మూత్రం ఉన్నచోట అది అస్సలు వద్దు, అమ్మోనియాతో కలిసి ఘాటు గ్యాసు వస్తుంది, ఊపిరాడదు. చివరికి పొడిగుడ్డతో బాగా అద్ది, తెల్ల వెనిగర్‌లో నీళ్ళు కలిపి తుడిచి, వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున్నే వాచ్‌మన్‌తో మేడ మీదకి మోయించి ఎండలో పడేశాను. కొంత నయం.

ఇవన్నీ భరించొచ్చు. ఫోనులో జరిగింది మాత్రం భరించలేకపోతున్నాను.

చేతుల్లో తడి దుప్పటి ఉందని స్పీకర్ పెట్టి మాట్లాడాను. అదే అబ్బాయి, అదే గొంతు. ఆంటీ పోయి మేడం వచ్చింది.

"హైజీన్ ప్రొడక్ట్ మేడం, రిటర్న్ లేదు."

"వాడినవి కాదు బాబూ, విప్పని మూటలే వెనక్కి తీసుకోమంటున్నా."

"వాటికి సీలేముంది మేడం? మీరు విప్పారో లేదో మాకెట్లా తెలుస్తుంది?"

సీలు లేకుండా పంపింది వాళ్ళే! అదే అడిగాను. దానికి వాడు అన్న మాట ఇది: "ఎవరికీ రాని ప్రాబ్లం మీకొచ్చిందంటే అది ప్రొడక్ట్‌లో లేదు మేడం, పేషెంట్‌లో ఉంది. అంత పోస్తుంటే ట్యూబ్ వేయించుకోండి. డైపరేమన్నా డ్రమ్మా?" వెనకాల ఇంకెవరో కిసుక్కున నవ్వారు. కట్ చేసేశాడు. తర్వాత నా నంబరు బ్లాకు.

మావారు పక్క మంచం మీదే ఉన్నారు. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసిన మనిషి. బస్టాండులో ఆయన కేకేస్తే డ్రైవర్లు టీ గ్లాసు కింద పెట్టి లేచేవాళ్ళు. ఆ రోజు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశారు. మందుబిళ్ళ వేసుకోవడానికి ఒక గుక్క, అంతే. అడిగితే దాహం లేదంటారు. కాఫీ కూడా సగంలో వదిలేశారు. మర్నాటికి మూత్రం ముదురు పసుపు రంగులోకి మారి మంట మొదలైంది. నీళ్ళు తగ్గిస్తే బాధ తగ్గుతుందనుకుంటారు గానీ మూత్రం చిక్కబడి వాసన ఇంకా ఎక్కువవుతుంది, ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. డాక్టరు ఇదే చెప్పి తిట్టినా ఈయన వినలేదు.

దాంతో నాకు ఒళ్ళు మండి, ఆయన ముందే స్టూలు వేసి, మెడికల్ షాపు డైపర్ ఒకటి, వీళ్ళ దరిద్రం ఒకటి పక్కపక్కన పరిచి చెరో గ్లాసు నీళ్ళు పోశాను. షాపుది మొత్తం పీల్చుకుంది, పైన చెయ్యి పెడితే దాదాపు పొడిగానే ఉంది. వీళ్ళది ఒక పక్క దూది ఉండ కట్టింది, ఇంకో పక్కనుంచి నీళ్ళు కారి స్టూలు కాళ్ళ దాకా వెళ్ళాయి. ఆయన కాసేపు చూసి, మాట ముద్దగా వచ్చినా పాత కంట్రోలర్ గొంతుతో "దొంగ సరుకు" అన్నారు. ఆ తర్వాతే మంచినీళ్ళు అడిగారు.

మెడికల్ షాపతను చూడగానే కనిపెట్టాడు. మిషన్ మీద పాడైన పీసులు కేజీల లెక్కన అమ్ముతారట, ఇవి అవేనట. సెకండ్స్ అని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు, పగటిపూట వాడకానికి కొనేవాళ్ళు ఉండొచ్చు. ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అని చెప్పి అంటగట్టి, పైగా జబ్బు మనిషిని వెక్కిరించడమే నేను మర్చిపోలేనిది. మిగిలినవి బాల్కనీలో కూలర్ కింద పరిచాను. అక్కడా కారుతున్నాయి.

సరే, కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. ప్యాకెట్ మీద తయారీదారు అడ్రసు, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని చట్టమే చెబుతోంది. లేకపోతే ముట్టుకోవద్దు. ముందు ఒక్క చిన్న ప్యాకెట్ తెప్పించి గ్లాసు నీళ్ళు పోసి చూడండి. నడుము కొలత టేపుతో కొలిచే సైజు తీసుకోండి, వదులైతే మంచిదైనా కారుతుంది. ఎవడేం చెప్పినా రబ్బరు షీటు, అండర్ ప్యాడ్ తీయొద్దు. ‘రిటర్న్ లేదు’ అన్నారని ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సరుకు పాడైనదైనా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనడానికి లేదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

వాళ్ళ అడ్రసు ఎవరి దగ్గరైనా ఉందా? నాకిచ్చిన బిల్లు మీద వాట్సాప్ నంబరు తప్ప ఏమీ లేదు. మీ బిల్లులో ఉంటే మెసేజ్ పెట్టండి, ఫిర్యాదుకి జత చేయాలి.