ఎన్‌ఎల్‌పీ వర్క్‌షాపా, మెట్టుమెట్టుగా సాధనా: ఏది మేలు?

బెంగళూరులోని మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉంటూ ఐటీ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. "శని, ఆదివారాలు ఎన్‌ఎల్‌పీ వర్క్‌షాప్ ఉందట, చేరమంటారా? లేక టోస్ట్‌మాస్టర్స్ మేలా? కౌన్సెలింగ్‌కి వెళ్లాలా?" ఎన్‌ఎల్‌పీ అంటే ఇక్కడ న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్, మాటలతో, ఊహలతో మనసు తీరు మార్చుకోవచ్చని చెప్పే పద్ధతి. టోస్ట్‌మాస్టర్స్ అంటే నలుగురిలో మాట్లాడటం సాధన చేసే క్లబ్బులు. ఇబ్బంది మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. పని బాగా వచ్చు. పక్క సీట్లో కూర్చున్న తెలుగువాడికి గంటసేపు ఓపిగ్గా వివరిస్తారు. ఉదయం స్టాండప్ కాల్‌లో, అంటే టీమ్‌లో ఒక్కొక్కరూ తమ పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే కాల్‌లో, తమ వంతు రాగానే గొంతు పట్టేస్తుంది, "నో అప్‌డేట్స్" అనేసి మ్యూట్ నొక్కేస్తారు.

ఎన్‌ఎల్‌పీలో పనికొచ్చేవి ఉన్నాయి. 1970లలో శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బాండ్లర్, జాన్ గ్రైండర్ దీన్ని మొదలుపెట్టింది వర్జీనియా సటీర్, ఫ్రిట్జ్ పెర్ల్స్ లాంటి చికిత్సకులు రోగులతో ఎలా మాట్లాడుతున్నారో గమనించే. అందుకే మెటా మోడల్ ప్రశ్నల్లో, అంటే పైపైన అన్న మాటని తరచి తరచి స్పష్టం చేయించే ప్రశ్నల్లో, ఇప్పటికీ పస ఉంది. "నాకు ఇంగ్లీష్ రాదు" అన్న మాటనే తీసుకోండి. ఏ ఇంగ్లీష్? మెయిల్ రాయడమా, మాట్లాడటమా? ఎవరి ముందు? ఇలా నాలుగు ప్రశ్నలు వేసేసరికి అది "క్లయింట్ కాల్‌లో అనుకోని ప్రశ్న వస్తే వెంటనే వాక్యం తట్టదు" అని తేలుతుంది. మొదటి మాటతో చేయగలిగింది ఏమీ లేదు. రెండోదానికి రేపటి నుంచే సాధన చేయొచ్చు.

ఎక్కువమందిని ఆకర్షించేది మాత్రం యాంకరింగ్, అంటే ఒక భావాన్ని ఒక స్పర్శతో జతపరచడం. మీరు ధైర్యంగా ఉన్న ఒక సందర్భాన్ని కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటారు. ఆ భావం పతాకస్థాయికి చేరుతుండగా ఎడమచేతి చూపుడు వేలి కణుపును కుడి బొటనవేలితో ఐదు నుంచి పది సెకన్లు నొక్కి, భావం తగ్గకముందే వదిలేస్తారు. మధ్యలో ఫోన్ నంబర్ వెనక నుంచి చెప్పుకుని మనసు మళ్లించి, మళ్లీ నాలుగైదు సార్లు చేస్తారు. తప్పులు సాధారణంగా రెండు చోట్ల జరుగుతాయి. పెన్ను నొక్కడం లాంటి రోజంతా చేసే కదలికను ఎంచుకుంటే ఆ గుర్తు పలచబడిపోతుంది. భావం దిగిపోతుండగా నొక్కితే జతపడేది ఆ దిగుదలే.

అన్నీ సరిగ్గా చేసినా అసలు చిక్కు అలాగే ఉంటుంది. ఆ ధైర్యం జతపడింది ఏసీ హాల్లో, అందరూ చప్పట్లు కొడుతుండగా. పరీక్షించింది కూడా అక్కడే, ఐదు నిమిషాల తర్వాత. మంగళవారం స్టాండప్‌లో గుండె దడదడలాడుతుంటే వేలి కణుపు మీద నొక్కు అంత బలం చూపదు. ఏ పద్ధతినైనా తూచాల్సింది ఇక్కడే: భయం ఉన్న చోటే, భయపడే పనినే మీ చేత చేయిస్తుందా? మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో ఆత్మవిశ్వాసానికి నాలుగు మూలాలు చెప్పాడు. స్వయంగా చేసి నెగ్గిన అనుభవం వాటిలో అన్నిటికన్నా బలమైనది. ఎదుటివారి ప్రోత్సాహం, శరీరంలో కలిగే ఉత్సాహం దాని తర్వాతే. వర్క్‌షాపులో దొరికేది ఎక్కువగా ఈ చివరి రెండే.

అందుకే నా మొగ్గు మెట్ల సాధన వైపు. సీబీటీ (ఆలోచననీ ప్రవర్తననీ మార్చే మానసిక చికిత్స) చికిత్సకులు వాడే పద్ధతి ఇది. భయపెట్టే పనుల్ని సున్నా నుంచి వంద దాకా భయం మార్కులు వేసి ఎనిమిది పది మెట్లుగా రాసుకోవాలి. ఉదాహరణకు: స్టాండప్‌లో రాసుకున్న రెండు వాక్యాలు చదవడం 30, చూడకుండా చెప్పడం 40, వేరొకరి అప్‌డేట్ మీద ఒక ప్రశ్న అడగడం 50, టీమ్‌కి ఐదు నిమిషాల డెమో 70, క్లయింట్ కాల్‌లో జవాబు చెప్పడం 85. మొదలుపెట్టాల్సింది 30, 40 దగ్గర. నేరుగా 85కి దూకితే మధ్యలోనే తప్పుకుంటారు, అలా తప్పుకున్నప్పుడు భయం ఇంకో పాఠం నేర్చుకుంటుంది.

ప్రతి మెట్టుకూ నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. కాల్‌కి ముందు ఎడమవైపు: "మధ్యలో ఆగిపోతాను, అందరూ నవ్వుతారు." కాల్ అయ్యాక కుడివైపు, జరిగింది మాత్రమే: "ఒకచోట ఆగాను, మూడు సెకన్లు. ఎవరూ నవ్వలేదు. లీడ్ 'ఎప్పటికి అవుతుంది?' అని అడిగాడు." భయం తగ్గిందా లేదా అన్నది అప్పుడే చూడనక్కర్లేదు. ఊహ తప్పిందన్న సంగతి కళ్లకు కట్టినట్టు కనబడటమే ఇక్కడి పని. ఒక్కో మెట్టు వారంలో నాలుగైదు సార్లు చేసి, మార్కు సగానికి దిగాక పైకి వెళ్లండి.

ఈ సాధనని లోపల్నుంచి తినేసేవి చాటు ఏర్పాట్లు: కెమెరా ఆపేయడం, మొదటి మెట్టు దాటాక కూడా పూర్తి స్క్రిప్ట్ చదివేయడం, "నా బదులు నువ్వు చెప్పు" అని స్నేహితుణ్ని ఒప్పించడం. వాటితో గట్టెక్కితే ఆ ఘనతంతా స్క్రిప్ట్‌కే పోతుంది. నెలల తరబడి ప్రయత్నించినా మారలేదనేవాళ్లు ముందు ఇవి చూసుకోవాలి.

ఈ సాధనకి బెంగళూరులో తేలిగ్గా దొరికే చోటు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు. కంపెనీ క్యాంపస్‌ల లోపల నడిచేవి కొన్ని ఉద్యోగులకే గానీ, బయటివాళ్లకి తలుపు తెరిచే క్లబ్బులూ చాలానే ఉన్నాయి. అతిథిగా వెళ్లి చూసి రావచ్చు. టేబుల్ టాపిక్స్‌లో అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. క్లయింట్ ప్రశ్నకి తడబడేవాళ్లకి సిద్ధం చేసుకున్న ప్రసంగం కంటే ఇదే ఎక్కువ అవసరం. మరొకరు "ఆ", "ఉమ్" అన్నవి లెక్కపెట్టి చెబుతారు. లోటు ఒక్కటే, అక్కడి శ్రోతలు అందరూ మంచివాళ్లు. కాబట్టి క్లబ్బులో నేర్చింది అదే వారం ఆఫీసులో ఒక్కసారైనా వాడాలి.

చదువు విషయంలో ఎన్‌ఎల్‌పీ వైపు నిలబడటం ఇంకా కష్టం. "నువ్వు విజువల్ (చూసి నేర్చుకునే రకం), నువ్వు ఆడిటరీ (విని నేర్చుకునే రకం)" అని విడగొట్టి ఆ దారిలో నేర్పితే ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని 2008లో పాష్లర్ బృందం సమీక్ష తేల్చింది. కంటిచూపు ఎటు తిరిగిందో చూసి అబద్ధం పట్టొచ్చని ఎన్‌ఎల్‌పీ వాళ్లు చెప్పే మాటా 2012 నాటి ప్రయోగాల్లో నిలవలేదు. దానికి ఎదురుగా మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పిక్ 2006లో చేసిన ప్రయోగం చూడండి. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తుంచుకున్నారు, ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవాళ్లు 75 శాతం. వారం గడిచేసరికి తారుమారైంది: 42 శాతం, 56 శాతం. క్లౌడ్ సర్టిఫికేషన్‌కి చదివేవాళ్లు ఒక అధ్యాయం అవగానే పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపండి, అదే కాగితం పని మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు. విసుగ్గా, కష్టంగా ఉంటుంది. అది పనిచేస్తున్న లక్షణమే.

అద్దం ముందు "నేను గొప్పవాణ్ని" అనుకోవడం, రాత్రి హిప్నాసిస్ ఆడియోలు పెట్టుకోవడం: ఈ అవసరానికి పక్కన పెట్టేయొచ్చు.

నిద్ర పట్టకపోవడం, ఊపిరాడనట్టు దడ రావడం, కాల్ ఉందని సెలవు పెట్టడం దాకా వచ్చినవాళ్లు మాత్రం వర్క్‌షాపూ క్లబ్బూ రెండూ ఆపి హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కి గానీ, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదున్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి గానీ వెళ్లాలి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416.

అయినా ఎన్‌ఎల్‌పీ నేర్చుకోవాలనే ఉంటే, డబ్బు కట్టేముందు నిర్వాహకుల్ని మూడు అడగండి. రెండు రోజుల్లో ఒక్కొక్కరూ ఎన్ని నిమిషాలు లేచి మాట్లాడతారు? నెల తర్వాత మళ్లీ కలిసి చూసే ఏర్పాటు ఉందా? "మాస్టర్ ప్రాక్టీషనర్" సర్టిఫికెట్ ఇస్తున్నది ఎవరు? ఈ బిరుదులకి ప్రభుత్వ గుర్తింపేమీ లేదు, వేర్వేరు సంస్థలు ఎవరికి వారే ఇచ్చుకుంటారు. ఇక వేలి కణుపు యాంకర్ ఇప్పటికే వచ్చినవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. స్టాండప్‌లో ఒక ప్రశ్న అడిగేసిన ఆ నిమిషంలోనే నొక్కండి.