ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో ఇంటర్నల్ ఆడిట్ జట్టు: ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

కర్నూలు నుంచి ఇద్దరు కన్సల్టెంట్లు వస్తారు. మిల్లు సిబ్బందిలోంచే ఆరుగురిని తీసుకుని, మిల్లు పనితీరును లోపలివాళ్లే తనిఖీ చేసే ఆడిట్ జట్టుగా తయారుచేస్తారు. రెండు రోజులు శిక్షణ, తర్వాతి రెండు రోజులు పక్కనుండి మొదటి ఆడిట్ చేయించడం. ఐఎస్‌ఓ 9001 (నాణ్యతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న, లేదా తీసుకోబోతున్న జిన్నింగ్ మిల్లుల కోసం, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లుల కోసం పెట్టిన సేవ ఇది.

ముందుగా ఒక సంగతి. కంపెనీల చట్టం 2013లోని 138వ సెక్షన్ చెప్పే ఇంటర్నల్ ఆడిట్ వేరు. 200 కోట్ల టర్నోవరు, లేదా 100 కోట్లు దాటిన బ్యాంకు అప్పు ఉన్న ప్రైవేటు కంపెనీకి అది తప్పనిసరి. దాన్ని సీఏ గానీ, కాస్ట్ అకౌంటెంట్ గానీ, బోర్డు నిర్ణయించిన మరో వృత్తి నిపుణుడు గానీ చేయాలి. ఈ జట్టు దాని బదులు కాదు. డబ్బు కట్టేముందే ఈ తేడా యజమానికి తెలియాలి.

ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది జంటలు కట్టే పద్ధతి. ఎవరి పనిని వాళ్లే తనిఖీ చేసుకోకూడదన్నది మొదటి నియమం. ప్రమాణం 2008 ప్రతిలో ఈ మాట సూటిగానే ఉండేది. 2015 ప్రతిలో నిష్పాక్షికత అన్న మాటతో సరిపెట్టారు. చిన్న మిల్లుకు పాత మాటే మేలు. కాటా గుమాస్తా ప్రెస్సును (దూదిని నొక్కి బేళ్లనే కట్టలుగా చేసే యంత్రం) చూస్తాడు, ప్రెస్సు ఫోర్‌మన్ కొనుగోళ్లను చూస్తాడు. ప్రతి జంటలో ఒకరు అడుగుతారు, రెండోవారు రాస్తారు. గంటకోసారి పని మార్చుకుంటారు. అడుగుతూ రాసుకుంటూ పోతే రెండూ చెడతాయి. ఒకే ఊరివాళ్లు, బావా బావమరుదులు ఒకే మిల్లులో పనిచేయడం మన దగ్గర మామూలే కాబట్టి, బంధువుల విభాగానికి బంధువులను పంపకుండా పేర్లు సరిచూసుకోవడం కూడా నేర్పుతారు. ఇది ఏ ప్రమాణంలోనూ ఇంత విడమరిచి రాసి ఉండదు. ఇక్కడ మాత్రం చాలా అవసరం.

రెండో మెచ్చుకోలు బేలు వెనక్కి నడిపించే అభ్యాసానికి. గోడౌన్‌లో ఏదో ఒక బేలు పట్టుకుంటారు. దాని నంబరు నుంచి ప్రెస్సు రిజిస్టరుకు, అక్కడి నుంచి పత్తి కుప్ప నంబరుకు, కుప్ప నుంచి కాటా చీటీకి, చీటీ నుంచి మార్కెట్ యార్డు రసీదుకు వెళ్తారు. ఒక్కో జంటది ఒక్కో దశ. చివర మూడు జంటల కాగితాలూ ఒకే బల్ల మీద కలవాలి. 100 క్వింటాళ్ల పత్తికి దూది 34 శాతం వచ్చిందనుకుంటే 3,400 కిలోలు, అంటే 170 కిలోల బేళ్లు 20. రిజిస్టరులో 18 ఉంటే 340 కిలోలు ఎక్కడికి పోయాయి? కొనేటప్పుడు తేమ ఎక్కువ ఉండి తర్వాత ఆరిపోయిందా, రోలర్లు అరిగి గింజకు దూది మిగిలిపోతోందా, రెండు కుప్పలు కలిశాయా, కాటా చీటీయే తప్పా? కాటా దగ్గరి జంటకు తన లెక్క సరిగ్గానే కనిపిస్తుంది, ప్రెస్సు జంటకూ అంతే. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడే తేడా బయటపడుతుంది.

సాయంత్రం ఐదింటికి అరగంట జట్టు కూర్చోవాలన్న నియమం కూడా అందుకే. తేమ మీటరుకు క్యాలిబ్రేషన్ (సరిగ్గా చూపుతోందా అన్న పరీక్ష) లేదని ఒక జంట, తేమకు తగ్గించే కోత లెక్క తప్పని ఇంకో జంట రాస్తే, అవి రెండు లోపాలా, ఒకే లోపానికి రెండు ముఖాలా అన్నది అక్కడే తేలాలి. ప్రతి లోపాన్నీ మూడు వాక్యాల్లో రాయిస్తారు: ఏం ఉండాలి, ఏం కనిపించింది, ఏ కాగితంలో కనిపించింది. మూడోది లేకపోతే జట్టు నాయకుడు వెనక్కి ఇచ్చేయాలి. "కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటింది" అంటే చాలదు. సర్టిఫికెట్ నంబరు, తేదీ ఉండాలి.

ఇక లోపాలు. వీళ్లు మే, జూన్ నెలల్లో రావడానికి ఇష్టపడతారు, ఆ రోజుల్లో సిబ్బంది ఖాళీగా ఉంటారని. జిన్‌లు ఆగిపోయి ఉన్నప్పుడు చేసే ఆడిట్ కాగితాల ఆడిట్టే. పత్తి కుప్పల మధ్య ఇనుప ముక్కలు, రాళ్లు ఏరే మనుషులు ఉన్నారో లేదో మిల్లు నడిచే డిసెంబరులో మాత్రమే తెలుస్తుంది. శిక్షణ వేసవిలో పెట్టుకుని, ఆడిట్ రోజులను సీజనుకు మార్చమని ఒప్పందంలోనే రాయించుకోండి.

చెక్‌లిస్టు మొత్తం ఇంగ్లీషులోనే ఇస్తారు, ప్రశ్నలన్నీ అవును, కాదు అనేవే. "రిజిస్టరు ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు. "నిన్న మూడో షిఫ్టు రాసింది చూపించు" అని అడిగేలా, తెలుగులో తిరగరాయాలి. జట్టులో ప్రెస్సు మేస్త్రీ ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ప్రశ్న అర్థం కాకపోతే ఆయన మౌనంగా ఉండిపోతాడు, జంటలోని చదువుకున్నవాడే ఆడిట్ అంతా నడిపిస్తాడు.

పెద్ద లోపం చివర్లో ఉంది. నాలుగో రోజు రిపోర్టు ఇచ్చి వెళ్లిపోతారు. తర్వాత రిపోర్టులో దిద్దుబాటు రాసే గడిలో ఎక్కువగా పడే మాట "సిబ్బందికి శిక్షణ ఇచ్చాం". రోలర్లు అరిగితే శిక్షణతో ఏం మారుతుంది? లోపం రాసిన జంటే నలభై అయిదు రోజులకు మళ్లీ వెళ్లి, కొత్త కాగితం కళ్లారా చూసి మూసేయాలి. జట్టు నాయకుడి రిపోర్టు ప్లాంటు మేనేజరు దగ్గర ఆగకుండా నేరుగా యజమానికి వెళ్లాలి. అది సరిగ్గా జరిగిందో చూడటానికి కన్సల్టెంట్లు రెండోసారి రావడం ఈ సేవలో లేదు. అడిగితే ఒక పూట ఫీజుకు వస్తామంటారు. ఆ పూట తీసుకునే మిల్లుకు ఈ సేవ నిస్సందేహంగా తగినదే. తీసుకోనివాళ్లు రెండు రోజుల శిక్షణ వరకు ఒప్పుకుని, ఆడిట్‌ను సొంతంగా చేసుకోవడం మేలు.